యతిప్రాసలు, ద్వ్యర్థి, గూఢచిత్రాలు: సంకేతరక్షణ – గోప్యతల నిరూపణ దృష్టి

సారాంశం

పలికిన మాట చెడకుండా చేరాలి. చేరకూడని వారికి చేరకూడదు. సమాచార సిద్ధాంతం ఈ రెండు అవసరాలనూ వేరువేరు సమస్యలుగా నిర్వచించి, వేరువేరు నిరూపణ పద్ధతులతో పరిష్కరిస్తుంది. తెలుగు పద్యాన్ని గురించిన విమర్శలో ఈ రెండూ తరచు కలిసిపోతున్నాయి. యతిప్రాసలు పాఠాన్ని కాపాడతాయన్న మాట అందరూ అంటారు. ఎంత కాపాడతాయో లెక్కించరు. గర్భకవిత్వం, గూఢచతుర్థి వంటివి రహస్యలేఖనమన్న మాట కూడా వినిపిస్తుంది. రహస్యమంటే ఏమిటో నిర్వచించరు. యతి పొరపాటును పట్టగలదే కాని దిద్దలేదని, ప్రాస కొంతమేరకు దిద్దగలదని, గూఢచిత్రాల్లో ఉన్నది గోప్యత కాదని ఈ వ్యాసం నిరూపిస్తుంది. నిజమైన గోప్యతకు కావలసినదేమిటో బౌరంపేట నుంచి మేడ్చల్‌కు పోయే రెండు దారుల ఉదాహరణతో వివరిస్తుంది.

కీలక పదాలు: యతి, ప్రాస, పాఠపరిష్కరణ, ద్వ్యర్థి కావ్యం, గూఢచతుర్థి, సమాచార సిద్ధాంతం, గోప్యత.

1. ప్రవేశిక

క్లాడ్ షానన్ 1948లో ప్రకటించిన వ్యాసం సమాచార సిద్ధాంతానికి పునాది. మార్గంలో అక్షరాలు చెడిపోతున్నా సందేశాన్ని నమ్మకంగా చేర్చవచ్చునని, అందుకు సందేశానికి కొంత అదనపు బంధం చేర్చాలని అందులో ఆయన నిరూపించాడు. 1949లో వచ్చిన మరో వ్యాసంలో గోప్యతకు నిర్వచనమిచ్చాడు. పొంచి వినేవాడు విన్నదంతా విన్న తరువాత కూడా, అసలు సందేశం గురించి వినకముందు అతనికెంత తెలుసో అంతే తెలిసి ఉండాలి. అదే సంపూర్ణ గోప్యత. 1950లో రిచర్డ్ హామింగ్ తప్పులను దిద్దే సంకేతాలను నిర్మించాడు. ఆ తరువాత ఒక పంపరి, ఒక గ్రహీత ఉన్న మార్గం నుంచి, అనేకులు పంపి అనేకులు అందుకొనే నెట్‌వర్క్‌కు ఈ సిద్ధాంతం విస్తరించింది.

తెలుగు సాహిత్య విద్యార్థికి ఇందులో పరాయిగా తోచవలసినది తక్కువ. తాళపత్రం మీద వ్రాతగాళ్ల చేతులు మారుతూ శతాబ్దాలు ప్రయాణించిన కావ్యం అనేక మార్గాల నెట్‌వర్క్‌లో సాగిన సందేశమే. అయితే పోలిక చెప్పి ఆగిపోతే అది అలంకారమవుతుంది. పోలిక విమర్శకు పనికిరావాలంటే అది ఒక నిర్ణయాన్ని మార్చగలగాలి. ఫలానా చోట పరిష్కర్త పాఠాన్ని సవరించవచ్చునా, కూడదా అన్నదే ఆ నిర్ణయం.

2. నిరూపణకు రెండు అంచులు

సమాచార సిద్ధాంతంలో ఏ ఫలితమైనా రెండు నిరూపణలతో పూర్తవుతుంది. ఇంతవరకు సాధించవచ్చునని చూపేది సాధ్యతా నిరూపణ. ఇంతకు మించి ఎవరూ ఏ ఉపాయంతోనూ సాధించలేరని చూపేది పరిమితి నిరూపణ. మొదటిదానికి ఒక నిర్మాణం చాలు, లేదా అటువంటి నిర్మాణం ఉండి తీరుతుందన్న గణన చాలు. రెండవదానికి ఊహించదగిన నిర్మాణాలన్నిటికీ వర్తించే వాదం కావాలి.

ఛందస్సును గురించిన ప్రశంసలో మొదటి అంచే ఎక్కువగా కనిపిస్తుంది. యతి తప్పినందువల్ల దుష్టపాఠం బయటపడిన సందర్భాలను పరిష్కర్తలు సంతోషంగా చూపుతారు. యతి తప్పకుండానే దూరిన దుష్టపాఠాలు ఎన్ని ఉండవచ్చునన్న రెండవ ప్రశ్న అరుదుగా వినిపిస్తుంది. రెండో అంచు లేని ప్రశంస సగం నిరూపణే.

3. యతి: పట్టగలదు, దిద్దలేదు

ఉత్పలమాలలో పాదానికి 20 అక్షరాలు. మొదటి అక్షరానికి పదవ అక్షరంతో యతిమైత్రి ఉండాలి. సంకేత సిద్ధాంతపు భాషలో ఇది ఒకే విషయాన్ని రెండుసార్లు చెప్పడం. రెండుసార్లు చెప్పిన మాటలో ఒకచోట తప్పు పడితే రెండూ పొసగవు కనుక తప్పు పడిందని తెలుస్తుంది. ఏది తప్పో తెలియదు. మొదటి అక్షరం ‘క’, పదవ అక్షరం ‘త’ అయినప్పుడు ‘క’ సరైనదై ‘త’ చెడి ఉండవచ్చు. ‘త’ సరైనదై ‘క’ చెడి ఉండవచ్చు. రెండు ఊహలకూ ఛందస్సు సమానంగానే సాక్ష్యమిస్తుంది. పాదం మొదటి అక్షరాన్ని ప్రమాణంగా తీసుకొని యతిస్థానాన్ని మాత్రమే సవరించే అలవాటుకు ఛందస్సులో ఆధారం లేదు.

యతి చెప్పేది అక్షరాన్ని కూడా కాదు, అక్షరవర్గాన్ని. క, ఖ, గ, ఘలు పరస్పరం చెల్లుతాయి. కనుక ‘గ’ ఉండవలసిన చోట ‘ఖ’ పడితే యతి మౌనంగా ఉంటుంది. చ, ఛ, జ, ఝలకు శ, ష, సలతో మైత్రి ఉంది; ఆ పెద్ద వర్గంలో జరిగే మార్పులన్నీ యతి కంటికి కనబడవు. అచ్చులకూ మైత్రి నియమం ఉంది కాబట్టి కొంత రక్షణ తోడవుతుంది. అక్కడా అ, ఆ, ఐ, ఔల వంటి వర్గాలే.

దీనినుంచి ఒక సూత్రం వస్తుంది. లాక్షణికులు అంగీకరించిన యతిభేదాలు పెరిగేకొద్దీ చెల్లే జంటలు పెరుగుతాయి. చెల్లే జంటలు పెరిగేకొద్దీ తప్పును పట్టే శక్తి తగ్గుతుంది. కవికి దొరికిన వెసులుబాటు పరిష్కర్తకు నష్టం. అఖండయతి సాధువా అసాధువా అన్న వాదాన్ని సంప్రదాయ గౌరవం దృష్టితోనే చూడడం వాడుక. అది పాఠరక్షణకు సంబంధించిన వాదం కూడా. అఖండయతిని అంగీకరించిన పరిష్కర్త కొన్ని దుష్టపాఠాలను గుర్తించలేకపోతాడు. అంగీకరించనివాడు కొన్ని సాధుపాఠాలను చెరుపుతాడు. ఈ రెండు నష్టాలనూ ఒకేసారి సున్న చేసే నియమం లేదు.

4. ప్రాస: ఎంతవరకు దిద్దగలదు

ప్రాస సంగతి వేరు. నాలుగు పాదాల్లోనూ రెండవ అక్షరపు హల్లు ఒక్కటే కావాలి. ఒకే మాటను నాలుగుసార్లు చెప్పినట్లయింది. ఒక పాదంలో హల్లు చెడితే మిగిలిన మూడు పాదాలూ ఒక్కటిగా నిలిచి చెడినదాన్ని చూపుతాయి, సరైన హల్లును కూడా చెబుతాయి. రెండు పాదాల్లో చెడితే తప్పు పడిందని తెలుస్తుంది, నిర్ణయం కుదరకపోవచ్చు. మూడు పాదాల్లో ఆ అక్షరాన్ని పురుగు తిని, నాలుగవ పాదంలో నిలిచినా చాలు, హల్లు దక్కుతుంది. చెడిన చోటు ఏదో తెలిసినప్పుడు దిద్దడం తేలిక, తెలియనప్పుడు కష్టం. పురుగు తిన్న రంధ్రం కంటె వ్రాతగాడి పొరపాటు ప్రమాదకరమన్న పరిష్కర్తల అనుభవానికి గణితం ఇచ్చే కారణమిదే.

ప్రాస నియమం వర్గంతో తృప్తిపడదు. ర, ఱలను ప్రాసలో కలపరాదన్న లక్షణ నియమం ఇందుకు మంచి సాక్ష్యం. పలుకుబడిలో ఆ రెండింటి భేదం చెరిగిపోయిన తరువాత కూడా ఏ మాటలో ఏ అక్షరముండేదో తెలుసుకోవడానికి ప్రాచీన కావ్యాల ప్రాసస్థానాలు ఆధారమయ్యాయి. నోరు పోగొట్టుకున్న సమాచారాన్ని ఛందస్సు దాచి ఉంచింది. అయితే ప్రాస అచ్చును కాపాడదు. అది కాపాడేది హల్లును, దాని ముందున్న అక్షరపు గురులఘువులను, పూర్ణబిందువు ఉండడం లేకపోవడాలను మాత్రమే.

ఇక రెండవ అంచు. ఉత్పలమాల పద్యంలో మొత్తం అక్షరాలు 80. యతి తాకేవి పాదానికి 2 చొప్పున 8. ప్రాస తాకేవి 4. మొత్తం 12. మిగిలిన 68 అక్షరాలను ఛందస్సు కాపాడేది గురులఘు క్రమంతో మాత్రమే. అక్కడ ఒక లఘువు బదులు మరో లఘువు, ఒక గురువు బదులు మరో గురువు పడితే ఛందస్సు ఏమీ చెప్పదు. చంపకమాలలో మొత్తం 84, తాకేవి 12, మిగిలేవి 72. కందంలో ప్రాస నాలుగు పాదాలకూ ఉన్నా, యతి రెండు, నాలుగు పాదాలకే ఉంటుంది. తాకే అక్షరాలు 8. ఆటవెలదిలో ప్రాస నియమమే లేదు. ద్విపదలో ప్రాస రెండు పాదాలకే కనుక అది కూడా యతిలాగే పట్టగలదే కాని దిద్దలేదు. మంజరీద్విపదలో ఆ ప్రాస కూడా ఉండదు.

ఈ అంకెల అర్థాన్ని అతిగా లాగరాదు. మిగిలిన అక్షరాలకు రక్షణ లేదని కాదు. వాటికి భాష, వ్యాకరణం, అర్థం, పౌరాణికుల కంఠస్థం రక్షణ. అది బలమైన రక్షణే. కాని సంస్కృతాంధ్రాలు తెలిసిన వ్రాతగాడు ఒక మాటకు బదులు అదే తూకం గల పర్యాయపదాన్ని పెడితే ఛందస్సూ అర్థమూ రెండూ ఊరుకుంటాయి. తెలియక చేసిన తప్పును పద్యం పట్టిస్తుంది. తెలిసి చేసిన దిద్దుబాటును దాచిపెడుతుంది. సంకేత నిరూపణల్లో తప్పులు యాదృచ్ఛికమన్న ఊహ ఉంటుంది. ఆ ఊహ పండితుడైన వ్రాతగాడి దగ్గర చెల్లదు.

5. ప్రతుల నెట్‌వర్క్: ఛేదపు పరిమితి

ఒక ప్రతి చాలనప్పుడు పరిష్కర్త అనేక ప్రతులను తెచ్చి పోలుస్తాడు. 19వ శతాబ్దిలో సి. పి. బ్రౌన్ పండితుల చేత చేయించిన ప్రతుల పోలిక ఈ పనికి తెలుగులో ప్రసిద్ధమైన ఉదాహరణ. ఇక్కడ నెట్‌వర్క్ సిద్ధాంతం నుంచి ఒక పరిమితి నిరూపణ నేరుగా అక్కరకొస్తుంది. మూలం నుంచి గమ్యానికి ఎన్ని దారులున్నా, ఆ రెండింటినీ విడదీసే ఏ ఛేదాన్ని తీసుకున్నా, దాన్ని దాటగలిగినంత సమాచారమే గమ్యానికి చేరుతుంది. అన్నిటికంటె ఇరుకైన ఛేదం మొత్తం ప్రయాణానికి హద్దు.

నేడు లభిస్తున్న పది ప్రతులూ ఒకే శిథిల ప్రతికి పుట్టినవైతే ఆ తల్లిప్రతే ఇరుకైన ఛేదం. అక్కడ పోయినది పది ప్రతులను పోల్చినా తిరిగి రాదు. పది ప్రతుల్లో ఒకే పాఠం ఉండడం పది సాక్ష్యాలు కాదు, ఒక్కటే. కనుక అధిక సంఖ్యాక ప్రతుల పాఠమని నిర్ణయించేముందు ఆ ప్రతుల వంశవృక్షాన్ని చూపాలి. అది చూపని సంఖ్యకు నిరూపణ విలువ లేదు.

బమ్మెర పోతన భాగవతం ఈ పరిమితిని కంటికి చూపుతుంది. గ్రంథం శిథిలమైందన్న ప్రసిద్ధి ఉంది. అందులో పంచమ స్కంధం గంగన పేరిట, షష్ఠం ఏర్చూరి సింగన పేరిట, ఏకాదశ ద్వాదశ స్కంధాలు వెలిగందల నారయ పేరిట నిలిచాయి. పద్యం లోపల ఒక అక్షరం పోతే పద్యమే కొంత తిరిగి ఇవ్వగలదు. స్కంధం పోతే మిగిలిన స్కంధాల యతిప్రాసలు దాన్ని ఇవ్వలేవు. కథ సంస్కృత మూలంలో ఉంది కనుక కథ దక్కింది. పోతన మాట దక్కలేదు. ఆ కవులు చేసినది పునరుద్ధరణ కాదు, పునఃసృష్టి.

6. ద్వ్యర్థి: ఒక పలుకు, ఇద్దరు శ్రోతలు

నెట్‌వర్క్ సమాచార సిద్ధాంతంలో ప్రసార మార్గమన్న సమస్యను థామస్ కవర్ 1972లో ప్రవేశపెట్టాడు. ఒకే పంపరి ఒకే సంకేతంతో ఇద్దరు గ్రహీతలకు రెండు సందేశాలు చేర్చాలి. 1979లో కటలిన్ మార్టన్ చూపిన నిరూపణ పద్ధతి పింగళి సూరన ‘రాఘవపాండవీయము’ చదివినవారికి వెంటనే అర్థమవుతుంది. మొదటి సందేశాన్ని ఒకే రూపంలో కాక అనేక రూపాల్లో సిద్ధంగా ఉంచుకోవాలి, రెండవదాన్నీ అలాగే. ఆ రెండు గుంపుల నుంచి ఒకదానితో ఒకటి పొసగే జంటను వెదకి, ఆ జంటను మోయగల సంకేతాన్ని పంపాలి.

ద్వ్యర్థి కవి చేసే పని ఇదే. ఒక ఘట్టాన్ని రామకథగా చెప్పే తీరులు 100, భారతకథగా చెప్పే తీరులు 100 ఉన్నాయని ఊహిస్తే జంటలు 10,000. ఒక జంట ఒకే అక్షర క్రమంలో కలిసే అవకాశం పదివేలలో ఒకటైతే సగటున ఒక జంట దొరుకుతుంది. తీరులు 10 చొప్పునే ఉంటే జంటలు 100. దొరికే ఆశ దాదాపు లేదు. పర్యాయపదాలు, నానార్థాలు, సభంగశ్లేష ఈ తీరుల సంఖ్యను పెంచే సాధనాలు. తత్సమ పదజాలం ద్వ్యర్థికి అనివార్యం కావడానికి పాండిత్య ప్రదర్శన ఒక్కటే కారణమన్న విమర్శ అందువల్ల నిలవదు. గుంపులు పెద్దవి కానిదే జంట దొరకదు.

ఇక్కడ ఒక జాగ్రత్త కావాలి. సగటున ఒకటి అంటే తప్పక ఒకటి అని కాదు. కలిసే జంటలన్నీ ఒక ఘట్టంలోనే గుమిగూడి, మరొక ఘట్టంలో ఒక్కటీ లేకపోవచ్చు. అందుకే ఆ నిరూపణలో సగటుతోపాటు జంటల చెదురును కూడా కొలిచి, అది హద్దులో ఉందని చూపుతారు. అంత చేసినా తేలేది జంట ఉండే ఉంటుందని మాత్రమే. ఏ జంట అన్నది నిరూపణ చెప్పదు. ఈ విభేదం సూరనకు తెలియనిది కాదు. భీమన పూర్వం ఇటువంటి కావ్యం చెప్పాడని పెద్దలనడమే కాని దాన్ని చూసినవారు లేరన్న భావాన్ని ఆయన తన అవతారికలో ప్రకటించాడు. ఉన్నదన్న మాటకూ చేతికందిన కావ్యానికీ మధ్య దూరాన్ని నడిచినవాడు సూరన. మార్టన్ పద్ధతికి సాధ్యతాంచు ఉన్నా, అదే పరమావధి అవునో కాదో సాధారణ సందర్భంలో నేటికీ తేలలేదు. ద్వ్యర్థి కావ్యానికీ అంతే: ఇంతకంటె దట్టంగా రెండు కథలను అల్లలేరని ఎవరూ నిరూపించలేదు.

రాఘవపాండవీయంలో రెండు కథలూ అందరికీ తెరచి ఉన్నాయి. ఒక శ్రోతకు చేరే కథ మరొకరికి దాగి ఉండాలన్న నియమం అక్కడ లేదు. దాగి ఉండాలన్నప్పుడు సమస్య మారుతుంది. చిత్రకవిత్వ ప్రస్తావన అక్కడే వస్తుంది.

7. గూఢత వేరు, గోప్యత వేరు

చంపకమాల గర్భంలో కందం ఇమడడం గర్భకవిత్వం. మొదటి మూడు పాదాల్లోని అక్షరాలలోనే నాలుగవ పాదపు అక్షరాలన్నీ ఉండడం గూఢచతుర్థి. 17వ శతాబ్ది నాటి గణపవరపు వేంకటకవి ‘ప్రబంధరాజ వేంకటేశ్వర విజయవిలాసము’ ఇటువంటి చిత్రాలకు పేరుపొందింది. వీటిని ప్రాచీన రహస్యలేఖన పద్ధతులుగా వర్ణించడం సబబేనా అన్నది ప్రశ్న.

గోప్యతకు కనీస ఉదాహరణ ఒకటి చూడాలి. హైదరాబాదు ఉత్తరపు అంచున, దుండిగల్ గండిమైసమ్మ మండలంలో బౌరంపేట ఉంది. అక్కడి నుంచి మేడ్చల్‌కు గండిమైసమ్మ మీదుగా ఒక దారి, దుండిగల్ దగ్గర బాహ్యవలయ రహదారి ఎక్కి మరొక దారి ఉన్నాయి. ఒక్కొక్క దారిలో ఒక్కొక్క మనిషి ఒక్కొక్క అంకె వ్రాసిన చీటీ తీసుకుపోతాడనుకోవాలి. రెండు దారుల్లో ఏదో ఒకదాని మీద పొంచినవాడు చీటీ చదువుతాడు. ఏ దారో పంపేవారికి తెలియదు. పంపవలసిన అంకె 7. పంపేవారు చీట్లు వేసి 0 నుంచి 9 లోపు మరో అంకెను ఎత్తుతారు; అది 5 అనుకోవాలి. రెండింటి మొత్తం 12. అందులో చివరి అంకె 2. గండిమైసమ్మ దారిలో 5, దుండిగల్ దారిలో 2 పంపుతారు. మేడ్చల్‌లో రెండూ అందుకున్నవారు 12లోంచి 5 తీసి 7 తెలుసుకుంటారు.

5ను చూసినవాడికి అది చీట్లలో వచ్చిన అంకె మాత్రమే. 2ను చూసినవాడికి అసలు అంకె 0 నుంచి 9 వరకు ఏదైనా కావచ్చు. ప్రతిదానికీ సరిపోయే చీటీ అంకె సరిగ్గా ఒకటి ఉంది, అన్నీ సమాన సంభావ్యత గలవే. పద్ధతంతా అతనికి తెలిసినా ఫలితం మారదు. ఇది సాధ్యతా నిరూపణ. నెట్‌వర్క్ మీద ఈ ఆలోచనను నింగ్ కాయ్, రేమండ్ యంగ్ 2002లో సాధారణీకరించారు.

పరిమితి నిరూపణ కూడా ఇంతే సరళం. రెండు దారులున్నాయి కనుక రెండంకెల రహస్యం పంపరాదా? పంపరాదు. పొంచినవాడు ఒక దారి చీటీ చూశాక కూడా అసలు సందేశాలన్నీ సాధ్యాలుగానే మిగలాలి. ఆ చీటీ నిలిచిపోయాక మారగలిగేది రెండవ చీటీ ఒక్కటే. దానికి 10 విలువలే ఉన్నాయి. కనుక సందేశాలు 10కి మించలేవు. రెండవ దారి మోసే శక్తి అంతా గోప్యతకు చెల్లించిన మూల్యం. షానన్ 1949లోనే చెప్పినట్లు, సంపూర్ణ గోప్యతకు సందేశమంత యాదృచ్ఛికత ఖర్చు కావాలి. ఆరన్ వైనర్ 1975లో చూపిన మరో మార్గంలో ముందుగా పంచుకున్న తాళపుచెవి అక్కరలేదు. కాని పొంచినవాడికి చేరే సంకేతం అసలు గ్రహీతకు చేరేదానికంటె మసకగా ఉండాలి.

ఈ కొలతతో గూఢచతుర్థిని కొలవవచ్చు. మూడు పాదాలు చేతికందినవాడికి నాలుగవ పాదంగా ఎన్ని సాధ్యాలు మిగులుతాయి? ఏరే నియమం తెలిసినవాడికి ఒక్కటే. తెలియనివాడికి మొదట అనేకం. ఛందస్సు, యతిప్రాసలు, అర్థం ఒక్కొక్కటిగా వాటిని కొట్టివేస్తాయి. నియమమైనా రహస్యమా అంటే లక్షణగ్రంథాలే దాన్ని బోధిస్తున్నాయి. కందగర్భిత చంపకమాల అని కవే పద్యం పైన పేరు పెడుతున్నాడు. చీట్లు వేసి ఎత్తిన అంకె వంటిది అందులో ఏదీ లేదు. రెండో దారి లేదు. మసక చెవి లేదు. కనుక గోప్యత సున్న. పాఠాన్ని కాపాడిన యతిప్రాసలే ఇక్కడ గూఢార్థాన్ని బయటపెట్టే సాధనాలవుతున్నాయి. అదనపు బంధం రక్షణకు మిత్రం, గోప్యతకు శత్రువు.

ఇది చిత్రకవిత్వానికి లోపం కాదు. కనుగొనబడడానికే దాచిన వస్తువది. కనుగొన్నవాడి ఆనందమే దాని ప్రయోజనం. ఎవరూ కనుగొనకపోతే ఆ పద్యం విఫలం. రహస్యలేఖనం సంగతి సరిగ్గా దీనికి విరుద్ధం. రెండింటికీ ఒకే పేరు పెడితే కవి ఉద్దేశానికే అన్యాయం జరుగుతుంది.

8. ముగింపు

నిరూపణ దృష్టి తెలుగు పద్యపు గౌరవాన్ని తగ్గించదు. దాన్ని కొలతకు తెస్తుంది. పాఠపరిష్కరణకు దీనివల్ల కలిగే ఫలితాలు స్పష్టం. యతిభంగం కనిపించిన చోట పరిష్కర్త తప్పును గుర్తించాలి. ప్రత్యంతర సాక్ష్యం లేనిదే ఏ వైపునూ సవరించరాదు. మూడు పాదాలు ఒక్కటిగా నిలిచినచోట ప్రాస ఆధారంగా హల్లును సవరించవచ్చు; అచ్చును సవరించే అధికారం ప్రాస ఇవ్వదు. ప్రతులను సంఖ్యతో కాక వంశంతో లెక్కించాలి. యతిప్రాసలు సరిపోయినంత మాత్రాన పాఠం శుద్ధమని తీర్పు ఇవ్వరాదు. ఉత్పలమాలలో ఆ తీర్పుకు ఆధారం 80లో 12 అక్షరాలే.

తెలుగు కవులు సంకేతరక్షణలో నేర్పరులు. ఒక పలుకుతో రెండు కథలు చేర్చడంలో అంతకంటె నేర్పరులు. గోప్యత వారి లక్ష్యం కాదు. వారు వ్రాసింది చేరడానికి. చేరినదాన్ని వ్రాతగాడి చేతి నుంచి విడదీసి చూపడమే పరిష్కర్త పని. ఛందస్సు మౌనంగా ఉన్న 68 అక్షరాల దగ్గర ఆ పనికి ఛందస్సుకు వెలుపలి సాక్ష్యం కావాలి. ఆ సాక్ష్యం దొరకని చోట తీర్పు చెప్పకుండా పాఠాంతరాలన్నిటినీ అచ్చువేయడమే న్యాయం.